మన గడియారంలో ఎనిమిది

గోథెన్‌బర్గ్,
ఈస్టర్ ముందు హుదాదె ఉపవాసాల్లో మూడో ఆదివారం.

అమ్మా,

ముందు నీ మోకాళ్ళు ముద్దుపెట్టుకుంటున్నాను. తర్వాత యెషి పిన్ని మోకాళ్ళు కూడా, కుట్లు లేని వైపు నుంచి. నువ్వెలా ఉన్నావు? పిన్నికి జ్వరం తగ్గిందా? మన ఊరు దెస్సీలో పొద్దుటి చలి ఇంకా అలాగే ఉందా? ఇక్కడ నేను దేవుడి దయవల్ల బాగున్నాను. నీ మీద బెంగ తప్ప నాకు వేరే కష్టమేమీ లేదు.

ఈ చివరి వాక్యం మనవాళ్ళు ఏ ఉత్తరంలోనైనా రాసేదే కాబట్టి నేనూ రాశాను. అది నిజం కాదు. అయినా ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. లేకపోతే ‘నా మాటలు చదవనే లేదు’ అని కోప్పడతావు.

ఈ ఉత్తరం మన చర్చి వెయ్‌నిషెత్ గారితో పంపుతున్నాను. ఆవిడ రేపు అక్కడికి విమానం ఎక్కుతున్నారు. నీకు తేలిగ్గా ఉండాలని అక్షరాలు పెద్దవిగా, మాటకూ మాటకూ మధ్య చోటు వదిలి రాస్తున్నాను. ఎంత సేపు పట్టినా నువ్వే చదువుకో. ఎవరి చేతా చదివించుకోకు. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావేమో. మీ వైపు ఫోను కలిసినా రెండు నిమిషాలకే తెగిపోతోంది. ఇది రెండు నిమిషాల్లో చెప్పే మాట కాదు.

ఉపవాసాలు పాటిస్తున్నావా అని అడిగావు. పాటిస్తున్నాను. మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. పనిలో రోజూ ఎవరో ఒకరు చీజ్ పెట్టిన రొట్టె చేతికిచ్చి, ఇందులో మాంసం లేదు కదా తినవచ్చులే అంటారు. నవ్వి పక్కన పెడతాను. ఇంటికొచ్చి శనగపిండి షిరో వండుకుంటాను. నువ్వు కొట్టి ఇచ్చిన బెర్బెరె కారం సీసా అడుగున రెండు వేళ్ళ మందం మిగిలింది. దాచుకుని వాడుతున్నాను.

వంటింటి గడియారం మార్చేశావా అని అడిగావు. నువ్వు పిన్ని దగ్గరికి వెళ్ళాక బ్యాటరీ మాత్రం మార్చాను, టైము నువ్వు పెట్టిందే ఉంచాను. హాల్లో గడియారం స్వీడన్ వాళ్ళది, వంటింట్లోది మనది. హాల్లో పొద్దున ఏడైతే వంటింట్లో ఒకటి. హాల్లో మధ్యాహ్నం రెండైతే వంటింట్లో పగలు ఎనిమిది. పొద్దు పొడిచాక వచ్చే మొదటి గంట ఒకటి కాకుండా ఏడెలా అవుతుందని పదహారేళ్ళు ఈ దేశంతో వాదించావు నువ్వు. ఈ మధ్య హోదన్ వచ్చింది. నాతో పనిచేసే సొమాలీ ఆవిడ, నీకు తెలుసు, నీకు చేతికర్ర తెచ్చిచ్చింది. వంటింట్లో టీ తాగుతూ గడియారం చూసి, ‘అమ్మో, పదకొండైంది, పిల్లల్ని తీసుకురావాలి’ అని లేచింది. హాల్లోకి వచ్చి అక్కడి గడియారంలో అయిదు చూశాక గానీ తనేం చదివిందో తనకు తెలియలేదు. సొమాలీ వాళ్ళ లెక్క కూడా మన లెక్కే కదా. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఇక చివరి ప్రశ్న. పనిలో నిన్ను బాగా చూస్తున్నారా అని అడిగావు. అమ్మా, దీనికి జవాబు రాయడానికే ఇంత కాగితం తీసుకున్నాను.

మా వృద్ధాశ్రమంలో మూడో అంతస్తులో మైకెన్ బామ్మ ఉంటుందని చెప్పాను, గుర్తుందా? తొంభై ఒక్క ఏళ్ళు. బడిలో లెక్కలు చెప్పేదట. నా పేరుకి అర్థమేంటని మొదటి రోజే అడిగింది. దబ్బపండు లాంటి ఒక పండు అని చెబితే, ‘అయితే పుల్లగా ఉంటావన్నమాట, పిల్లా’ అంది. అప్పటి నుంచీ పిల్లా అనే పిలుస్తుంది. వెన్నెముకలో జబ్బు ఆవిడకి. నొప్పి వచ్చినప్పుడు అరవదు. దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతుంది. నొప్పి మరీ ఎక్కువైతే ఇవ్వడానికి మార్ఫిన్ మాత్రలున్నాయి. ఒకటి ఇస్తే ఆరు గంటల దాకా ఇంకొకటి ఇవ్వకూడదు. ఎప్పుడు ఇచ్చామో అల్మారాలో ఉండే కాగితం మీద టైము రాసి సంతకం పెట్టాలి.

పోయిన మంగళవారం పొద్దుటి డ్యూటీ నాది, సాయంత్రం డ్యూటీ హోదన్‌ది. నేను మూడింటికి దిగుతాను, తను మూడున్నరకు ఎక్కుతుంది. కిందటేడాది దాకా మధ్యలో ఒక పావుగంట ఇద్దరం కూర్చుని, ఎవరికేం ఇచ్చామో చెప్పుకునేవాళ్ళం. ఆ పావుగంట తీసేశారు. ఇప్పుడు మా ఇద్దరి మధ్యా కాగితమే మాట్లాడాలి. ఆ రోజు కాగితం మీద నా రాతలో ఎనిమిది అని ఉంది, కింద నా సంతకం ఉంది. నాలుగింటికి బామ్మకు మళ్ళీ నొప్పి మొదలైంది. హోదన్ కాగితం చూసి, పొద్దున ఎనిమిదికి ఇచ్చిందంటే ఎనిమిది గంటలు గడిచాయని లెక్కకట్టి ఇంకో మాత్ర ఇచ్చింది. ఆరింటికి భోజనం పట్టుకెళ్తే బామ్మ లేవలేదు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య పది దాకా లెక్కపెట్టవచ్చు, అలా ఉందట. హోదన్ అంబులెన్సును పిలిచి, అది వచ్చేదాకా బామ్మ చెంపలు తడుతూ పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. బామ్మ బతికింది. ఇది ముందే చెప్పేస్తున్నాను, మిగతాది నువ్వు ఊపిరి బిగబట్టి చదవకుండా.

బుధవారం పొద్దున మా మేనేజరు గునిల్లా నన్ను గదిలోకి పిలిచింది. ఆవిడ చెడ్డమనిషని చెప్పలేను. నా పుట్టినరోజు గుర్తుపెట్టుకుంటుంది. నర్సు చదువుకు నాకు సిఫారసు ఉత్తరం రాసింది కూడా ఆవిడే. ఆ రోజు ఆవిడ ముందు ఒక కాగితం ఉంది. నాకు తలకిందులుగా కనిపిస్తోంది, అయినా చదివాను. మాతృభాష స్వీడిష్ కానివాళ్ళకు మందులిచ్చే అనుమతి ఆపి, భాషా పరీక్ష పెట్టాలని ఉంది అందులో. కింద అయిదు పేర్లు. హోదన్, నేను, ఇంకో ముగ్గురు. అయిదుగురమూ నల్లవాళ్ళమే. పోలండ్ నుంచి వచ్చిన ఆవిడ మా అంతస్తులోనే పనిచేస్తుంది, ఆవిడ మాతృభాష కూడా స్వీడిష్ కాదు, ఆవిడ పేరు లేదు. అమ్మా, ఆ కాగితం మీద తారీకు ఫిబ్రవరిది. బామ్మకు ఏమీ కాకముందే అది రాసి ఉంది. ఏదో ఒకటి జరగడం కోసం సొరుగులో కాచుకుని ఉంది.

శరదృతువులో మాతో పనిచేసే స్వీడన్ అతను, యోరన్, ఏం చేశాడో నీకు రాశానో లేదో. ఒకాయన గుండె మాత్రలు పక్క గది ఆయనకు ఇచ్చాడు. ఆయన కళ్ళు తిరిగి పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మర్నాడు గునిల్లా దాల్చినచెక్క బన్నులు తెచ్చింది. అందరం గుండ్రంగా కూర్చున్నాం. మన పద్ధతిలో లోపం ఎక్కడుంది, ఇలాంటిది ఎవరికైనా జరగవచ్చు కదా, అని మాట్లాడుకున్నాం. రంగురంగుల మాత్రల డబ్బాలు కొన్నారు. యోరన్ ఏడిస్తే నేనే నీళ్ళు తెచ్చిచ్చాను. అతనికి స్వీడిష్ చదవడం వచ్చా అని ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

హోదన్‌ని పిలిచినప్పుడు బన్నులు లేవు. ఒకటి బదులు రెండు ఇచ్చి ఉంటావు, మర్చిపోయి ఉంటావు అన్నారట. పెట్టెలో మాత్రల లెక్క సరిపోయింది. అయినా అనుమానం పోలేదు. వేరే గదిలోవాళ్ళ మాత్ర తీసుకున్నావా అని అడిగారట. పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది తను. ఆ రోజే అయిదుగురికీ మందుల అల్మారా తాళాలు తీసేసుకున్నారు.

గురువారానికి మనవాళ్ళ సంఘంలో అందరికీ తెలిసిపోయింది. సింటయెహు అన్న నీకు తెలుసు కదా, మా యూనియన్ ప్రతినిధి, చర్చిలో డప్పు కొట్టేవాడు. అతను ఒక విన్నపం రాశాడు. యోరన్ సంగతి, తీసేసిన పావుగంట సంగతి, ఫిబ్రవరి కాగితం సంగతి, అన్నీ రాశాడు. మొదటి వాక్యం మాత్రం ఇది: ‘మా ఆడవాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు.’ మొదటి సంతకం హోదన్‌ది. రెండోది నాది. శుక్రవారానికి నూట ఎనభై దాటాయి. చర్చిలో ముసలమ్మలు నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. వాళ్ళ చేతుల కింద నా తల ఎంత బరువెక్కిందో నీకెలా చెప్పను?

నువ్వు ఆఫీసులు కడిగే రోజుల్లో, నాకు పదకొండేళ్ళప్పుడు, ఒక ఆఫీసులో ఉంగరం పోయింది. గుర్తుందా? నీకు భాష రాదని నన్ను వెంట తీసుకెళ్ళావు. ఎవరూ నిన్ను ఏమీ అనలేదు. ఊరికే నీ వైపు చూశారు. వాళ్ళు అడగకముందే నువ్వు నీ సంచి బల్ల మీద బోర్లించావు. దువ్వెన, చేతి తొడుగులు, సగం తిన్న ఇంజెరా రొట్టె చుట్ట, ట్రామ్ కార్డు. నేను స్వీడిష్‌లోకి మార్చి చెప్పడానికి అందులో ఏమీ లేదు. ఉంగరం మర్నాడు వాష్‌బేసిన్ వెనక దొరికింది. ఎవరూ నిన్ను క్షమించమని అడగలేదు. నువ్వు ట్రామ్‌లో నాతో అన్నావు, ‘వాళ్ళు తప్పు ఒక్కళ్ళలో వెతకరు తల్లీ, మనందరిలో వెతుకుతారు. అందుకే మన సంచి ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి’ అని. ఆ మాట పట్టుకునే చదివాను. పరీక్షల్లో, పనిలో, గిన్నెలు తోమడంలో కూడా అందరికంటే రెండింతలు జాగ్రత్తగా ఉన్నాను. మన ఇంట్లో మొదటిసారి బడికెళ్ళినదాన్ని కదా, నా వెనక మీరందరూ నిలబడి చూస్తున్నట్టే ఉండేది.

అమ్మా, ఈసారి ఉంగరం నిజంగానే నా సంచిలో ఉంది.

ఆ మాత్ర నేను పొద్దున ఎనిమిదికి ఇవ్వలేదు. మధ్యాహ్నం రెండింటికి ఇచ్చాను. రాసింది ఎనిమిది.

ఎలా జరిగిందో నీకు చెప్పకుండా ఉండాలనుకున్నాను. చెబితే నువ్వు అన్నం మానేస్తావు. కానీ సగం చెప్పి సగం దాస్తే మళ్ళీ అదే పని చేసినట్టవుతుంది. ఆ రోజు రెండవడానికి పది నిమిషాల ముందు నీ ఫోను వచ్చింది. ‘పగలు ఎనిమిదికి లోపలికి తీసుకెళ్ళారు, ఇంకా బయటికి తేలేదు, ప్రార్థన చెయ్యి’ అన్నావు. తెగిపోయింది. నేను మందుల అల్మారా ముందు నిలబడి ఉన్నాను. మంచం మీద బామ్మ దుప్పటి కొరుకుతోంది. మాత్ర ఇచ్చాను. నీళ్ళు తాగించాను. గోడ మీద గడియారం చూశాను. ముళ్ళు రెండు దగ్గర ఉన్నాయి. ముళ్ళు రెండు దగ్గర ఉంటే నువ్వు నాకు చిన్నప్పుడు నేర్పిన మాట ఎనిమిది. నా లోపల పిన్ని ఆపరేషన్ బల్ల మీద ఉంది, నీ గొంతు ఎనిమిది అంటోంది. నా చెయ్యి ఎనిమిది రాసింది.

నువ్వు ఫోను చెయ్యడం తప్పు కాదు. ఈ వాక్యం రెండుసార్లు చదువు. అల్మారా దగ్గర ఫోను తియ్యకూడదని మాకు మొదటి రోజే చెబుతారు. తీసింది నేను. రాశాక ఒకసారి చూసుకోవాలి. చూసుకోనిది నేను.

దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. బుధవారం గునిల్లా గదిలో మందుల కాగితం మీద నా ఎనిమిది చూడగానే నాకు మొత్తం అర్థమైపోయింది. తిప్పి కొడితే ఒక్క మాట చెప్పాలి. అంతలో ఆ అయిదు పేర్లు కనిపించాయి. గునిల్లా నెమ్మదిగానే అడిగింది.

‘‘కంగారు పడకు తిరింగో. ఆ మాత్ర నువ్వు పొద్దున ఎనిమిదికే ఇచ్చావు కదా?’’

‘‘అవును’’ అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట.  నిజం చెబితే టైము చదవడం రాదంటారు, గడియారం చూడటం కూడా రానివాళ్ళ చేతికి మార్ఫిన్ ఇచ్చామంటారు, ఆ ఫిబ్రవరి కాగితానికి నేనే సాక్ష్యం అవుతాను. ఆ అయిదుగురినీ కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నర్సు చదువు సీటు కూడా గుర్తొచ్చింది. ఏది ముందు గుర్తొచ్చిందో నేను చెప్పలేను. చెప్పలేకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

గురువారం, శుక్రవారం పనిలోకి వెళ్ళాను. ట్రామ్‌లో ఎవరు దగ్గినా నాకోసమే అనిపించేది. హోదన్ నాతో అంది, ‘నువ్వొక్కదానివే నన్ను అడగలేదు రెండు ఇచ్చావా అని’. నేను తల వంచుకుని పక్కబట్టలు మారుస్తున్నాను.

నిన్న శనివారం ఆసుపత్రికి బామ్మను చూడటానికి వెళ్ళాను. పూలు కొన్నాను. గది తలుపు తెరవగానే తెలిసింది. దుప్పటి అంచు తడిసి ముద్దగా ఉంది. మార్ఫిన్ ఎందుకు ఇవ్వడం లేదని నర్సును అడిగాను. ఎనిమిది గంటల ఎడంతో ఇచ్చిన మామూలు మాత్రకే ఊపిరి ఆగబోయింది కదా, ఈవిడ ఒంటికి ఇక అది పడదని డాక్టర్లు ఆపేశారు, అంది. తలనొప్పికి వేసుకునే మాత్రలు ఇస్తున్నారు ఆవిడకి. వెన్నెముకలో జబ్బున్న మనిషికి.

అమ్మా, ఆ క్షణంలో నాకు గునిల్లా గుర్తురాలేదు. ఆ అయిదు పేర్లూ గుర్తురాలేదు. నా ‘అవును’ ఆ మంచం మీద పడుకుని దుప్పటి కొరుకుతోంది.

డాక్టరు కుర్ర అమ్మాయి, నా వయసే ఉంటుంది. నిలబడే చెప్పాను. రెండింటికి ఇచ్చాను, ఎనిమిది అని రాశాను, మా ఊళ్ళో గంటలు వేరేలా లెక్కపెడతాం, బుధవారం అబద్ధం చెప్పాను. తను రాసుకుంటూ, ‘‘అంటే రెండు గంటల తేడాలో రెండు డోసులు. ఇప్పుడు అర్థమైంది’’ అంది. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. ఇది నివేదికలోకి వెళ్తుందని మాత్రం చెప్పింది. అరగంటలో బామ్మకు చిన్న మోతాదు ఇచ్చారు. దవడ వదులైంది. అప్పుడు నేను మంచం పక్కన కూర్చుని ఆవిడకి కూడా చెప్పాను. 

‘‘టైము తప్పు రాశావు, సరే. నేను నలభై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దాను. నాలుగు రోజులు ఎందుకు ఆగావు, పిల్లా?’’

దీనికి నా దగ్గర జవాబు ఉంది కూడా. భయపడ్డాను, ఆ భయం నాకు ఊరికే రాలేదు, సొరుగులోంచి వచ్చింది. కానీ ఆవిడ మొహం చూస్తూ ఆ జవాబు చెప్పలేకపోయాను. భయపెట్టింది వాళ్ళే కావచ్చు. నాలుగు రోజుల నొప్పి మాత్రం ఆవిడ పడింది, నేను ఊరుకోబట్టి. ‘‘తప్పే’’ అన్నాను.  నేను లేచేటప్పుడు ఆవిడ పూలు కిటికీలో కాదు, తనకు కనిపించేచోట పెట్టమంది. క్షమించిందని నేను అనుకోవడం లేదు.

అక్కణ్ణించి నేరుగా హోదన్ ఇంటికి వెళ్ళాను. కింద లాండ్రీ గదిలో పిల్లల బట్టలు మడతపెడుతోంది. విన్నాక కూడా మడతపెడుతూనే ఉంది. ఒక చిన్న చొక్కా మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

‘‘నాలుగు రోజులుగా కళ్ళు మూసుకుంటే నా అరచెయ్యే కనిపిస్తోందే. అందులో ఒకటుందా, రెండున్నాయా అని. పిచ్చెక్కిందేమో అనుకున్నాను.’’

 తను ఉన్నట్టుండి నవ్వింది, ఆ నవ్వు వినకూడనిది.

‘‘అదే కాగితం మీ వంటింట్లో చదివి ఉంటే రెండు అనే చదివేదాన్ని. మీ అమ్మ గడియారం కింద కూర్చుని అయిదుని పదకొండు అనలేదూ? పనిలోకి వెళ్ళేటప్పుడు ఇంటి బుర్ర తీసి స్వీడన్ బుర్ర తగిలించుకుంటాను. రోజూ, బస్సు దిగేటప్పుడు. అందుకే ఎనిమిదిని ఎనిమిదిగా చదివాను. జాగ్రత్తగా ఉండబట్టి ఒక మనిషిని చంపబోయాను, తెలుసా?’’

‘‘క్షమించు అక్కా.’’

‘‘ఇప్పుడు నా మీద నింద పోయింది, మంచిదే. కానీ వాళ్ళు ఏమంటారో చెప్పనా? ‘పాపం, వీళ్ళకు టైము చూడటం కూడా నేర్పాలి’ అంటారు. నువ్వు నీ గుండె దింపుకున్నావు. ఆ మూట మిగతా నలుగురి నెత్తిన పెట్టావు. పో, నేనిప్పుడు నీ మొహం చూడలేను.’’

తను చెప్పింది నిజం. నేను చెప్పిందీ నిజమే. మెట్లెక్కి బయటికొస్తూ, ఈ రెండు నిజాలూ ఒకదాన్నొకటి ఎందుకు కొట్టేసుకోవడం లేదో నాకు అర్థం కాలేదు.

ఇవాళ పూజ అయ్యాక సింటయెహు అన్నకు చెప్పాను. బూట్లు వేసుకుంటున్నవాడు ఒక కాలికి వేసుకుని ఆగిపోయాడు.

‘‘ముందు నాకు చెప్పాల్సింది చెల్లీ. నూట ఎనభై సంతకాలున్నాయి నా కోటు జేబులో. ఇప్పుడు వీటినేం చెయ్యను, పల్లీలు పొట్లం కట్టనా?’’

తిడతాడనుకున్నాను. గట్టు మీద కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు. ‘‘నిజం చెప్పొద్దని నేను అనను. కానీ ఒకటి చూడు. యోరన్ తప్పు యోరన్‌దే. నీ తప్పు మాత్రం మనందరిదీ అవుతుంది. అది ఎందుకని అడగడం మానెయ్యకు. తప్పు చేసినదానివి కాబట్టి ఆ ప్రశ్న అడిగే అర్హత పోయిందని మాత్రం అనుకోకు.’’

విన్నపంలో మొదటి వాక్యం కొట్టేశాడు. దాని బదులు ఏం రాయాలో ఇద్దరం చాలాసేపు వెతికాం. చివరికి ఇలా రాశాం: ‘మాలో ఒకరు తప్పు చేశారు, ఒప్పుకున్నారు. యోరన్‌ను అడిగినట్టే మమ్మల్నీ అడగండి.’ వాక్యం మారింది కాబట్టి సంతకాలు మళ్ళీ అడగాలన్నాను నేను. చర్చి మెట్ల దగ్గర ఒక్కొక్కరికీ నేనే చదివి వినిపించాను. దీవించిన ముసలమ్మల్లో కొందరు కండువా సర్దుకుని వెళ్ళిపోయారు. ఒకావిడ, ‘ఇంత చదివించి ఇందుకా’ అంది. నన్ను కాదు, అక్కడ లేని నిన్ను అంది. సాయంత్రానికి ముప్ఫై ఒక్క సంతకాలు మిగిలాయి.

ఎల్లుండి మంగళవారం తొమ్మిదింటికి పెద్ద మీటింగు. గునిల్లా, ఆవిడ పైవాళ్ళు, సింటయెహు అన్న, నేను. ఉద్యోగం పోవచ్చు. నివేదిక పైకి వెళ్తే నర్సు చదువు సీటు ఉండకపోవచ్చు. పోలీసుల దాకా వెళ్ళవచ్చని కూడా అన్న చెప్పాడు. కానీ నా భయం వీటన్నిటికంటే చిన్నది, ఇంకా దగ్గరగా ఉంది. నేను చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. తప్పు నాది. ఆ కాగితం మీరు ఫిబ్రవరిలోనే రాశారు. మొదటిది ముందు చెబితే వాళ్ళు రాసుకుని కలం మూసేస్తారు, రెండోది వినరు. రెండోది ముందు చెబితే సాకు వెతుకుతోందంటారు, మొదటిదాన్ని నమ్మరు. ఇంటికొచ్చినప్పటి నుంచి వంటింట్లో నిలబడి ఆ రెండు మాటలూ అటూ ఇటూ మార్చి చెప్పి చూస్తున్నాను.  చివరికి తప్పు ముందే చెప్పాలని నిర్ణయించుకున్నాను, ఎందుకంటే నొప్పి పడ్డది బామ్మ. చెప్పాక వాళ్ళు కలం మూసేసినా నేను లేవను. రెండో మాట అయ్యేదాకా కుర్చీలోనే ఉంటాను.

ఈ ఉత్తరం రాస్తుండగా హోదన్ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. క్షమించాను అని లేదు. ‘ఆ పావుగంట తీసేసినప్పుడు నేను రాసిన అభ్యంతరం కాపీ నా దగ్గరుంది. మంగళవారం తెస్తాను. నీకోసం కాదు.’ అంతే ఉంది. నాకోసం కాకపోయినా పదిసార్లు చదివాను.

ఇది నీ చేతికి వచ్చేసరికి మంగళవారం అయిపోయి ఉంటుంది. ఏమైందో నీకు తెలియడానికి ఇంకెన్ని రోజులు పడుతుందో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. చదవడం అవగానే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. కలం తీసుకుని గునిల్లాకు రాస్తావు. ఆరో తరగతిలో ఒకమ్మాయి నా జడలు పట్టి లాగి, ఇది నిజం జుట్టేనా అంటే నేను తోసేశాను. పడి దాని పన్ను విరిగింది. నువ్వు అప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్నావు. మూడు సాయంత్రాలు కూర్చుని మా టీచరుకు స్వీడిష్‌లో నాలుగు లైన్లు రాశావు. నా కూతురు తోసింది, క్షమించండి, మంచి పిల్ల, మళ్ళీ చెయ్యదు. జడలు లాగిన సంగతి ఎందుకు రాయలేదమ్మా అని అడిగితే, ‘అది రాయడానికి నాకు ఇంకా అక్షరాలు రాలేదు తల్లీ’ అన్నావు.

ఇప్పుడు నీకు అన్ని అక్షరాలూ వచ్చు. రాయాలనిపిస్తే రెండూ రాయి. లేకపోతే ఏమీ రాయకు.

ఇట్లు,
నీ కూతురు
తిరింగో